గూడుబండికి వానాకాలం సెలవు

మృగశిర కార్తె దగ్గర పడుతోందంటే ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచు పల్లెల్లో ఒకప్పుడు రెండు పనులు పక్కపక్కనే జరిగేవి. నాగలి బయటికొచ్చేది, బండి లోపలికి పోయేది. ఎడ్లు దుక్కికి కావాలి. నల్లరేగడి బాటలో బండి దిగితే ఇరుసు దాకా కూరుకుపోతుంది. కిన్నెరసాని, తాలిపేరు పొంగితే దారులే మూసుకుపోతాయి. అందుకని తొలకరి మొదలు దసరా దాటి కోతలు వచ్చేదాకా బండికి సెలవు. ఆ నాలుగైదు నెలలు దాన్ని ఎలా నిలబెట్టారన్నదాని మీదే మరుసటి ఏడాది అది నడుస్తుందా, నడిదారిలో విరుగుతుందా అన్నది ఆధారపడి ఉండేది.

ఆ బండి వడ్లకూ కట్టెలకూ మాత్రమే కాదు. వెదురు దబ్బలు వంచి, పైన తడిక కప్పి గూడు కడితే అదే కదిలే ఇల్లు. మాఘమాసంలో మేడారం జాతర, చైత్రంలో భద్రాద్రి రాముడి కల్యాణం. బియ్యం, చింతపండు, వంటగిన్నెలు, ఎడ్లకు గడ్డి, పసిబిడ్డకు ఉయ్యాల, అన్నీ అందులోకే ఎక్కేవి. ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. ఎద్దు నడక గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు. దానికి మేత, నీళ్లు, విశ్రాంతి చూసుకుంటూ పోతే రోజుకు 25, 30 కిలోమీటర్లకు మించి సాగదు. అంటే నాలుగైదు రోజుల దారి, రాత్రిళ్లు ఆ గూటి కిందే నిద్ర. 1965లో గోదావరి మీద వంతెన వచ్చేదాకా సారపాక ఒడ్డుకు చేరినవాళ్లు ఏరు దాటాలంటే పడవే దిక్కు.

ప్రయాణంలో ఇల్లు వెంట తీసుకుపోవాలన్న కోరిక అన్ని దేశాల్లోనూ ఉంది. ఇంగ్లండులో సరదా ప్రయాణం కోసమే కట్టించిన తొలి ఇల్లుబండిగా పేరుబడ్డది ‘ది వాండరర్’. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసిన గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండు రచయిత 1885లో బ్రిస్టల్‌లోని ఒక బండ్ల కర్మాగారంలో దాన్ని చేయించుకున్నాడు. లాగడానికి రెండు గుర్రాలు. కారు వెనక తగిలించి లాగే ఈనాటి ట్రావెల్ ట్రైలర్లు ఆ బండి వంశంలోవే. చలి దేశాల్లో వాటికి గండం చలికాలం. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. కుళాయి గొట్టాల్లో నిలిచిన నీటికి ఆ కాస్త చోటు దొరక్కపోతే గొట్టమే పగిలిపోతుంది. అందుకే అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ట్రైలరు ఉన్నవాళ్లు మంచు పడకముందే గొట్టాల్లో నీళ్లు గాలితో ఊదేసి, గడ్డకట్టని ద్రవం పోసి ఉంచుతారు.

మన బండికి మంచు బాధ లేదు. దాని చిక్కు వేరు: నాలుగు నెలలు ఎండ పిండేస్తుంది, నాలుగు నెలలు వాన నానబెడుతుంది. కర్ర ఆ రెండింటికీ లోబడుతుంది. కర్రను చుట్టుకున్న ఇనుము రెండింటినీ అంతగా పట్టించుకోదు. ఈ జత కుదరకపోవడమే ఎడ్లబండి కథలో అసలు ముడి.

బండి గోదావరి తీరానికి ఎంత పాతదో చెప్పే సాక్ష్యం ఒకటుంది. 1974లో మహారాష్ట్రలోని దైమాబాద్‌లో కొన్ని కంచు బొమ్మలు దొరికాయి. వాటిలో ఒకటి రెండు ఎడ్లు పూన్చిన రథం, దాని మీద నిలబడ్డ మనిషి. దైమాబాద్ ఉన్నది ప్రవర నది ఒడ్డున, ప్రవర కలిసేది గోదావరిలో. ఆ బొమ్మ చక్రాలకు ఆకులు లేవు, నిండు పలకలే. నిండు చక్రం గట్టిదే కానీ మోయలేనంత బరువు. మధ్యలో కుంభం, దాని చుట్టూ ఆకులు, ఆకుల చివర వంపు తిరిగిన పూటీలు, అన్నిటినీ కలిపి బిగించే ఇనుప పట్టా, ఇలా విడగొట్టి కట్టడంతో చక్రం తేలికైంది. తేలికైన కొద్దీ అతుకులు పెరిగాయి. ఎండావానా పని చేసేది ఆ అతుకుల మీదే.

మన ప్రాంతంలో చక్రానికి పేరుబడ్డ కర్ర నల్లతుమ్మ. బరువైనది, దెబ్బకు చీలనిది. కర్రపని వడ్రంగిది, పట్టా వేయడం కమ్మరిది. ఆ పట్టా వేసే రోజును మాత్రం దగ్గరగా చూడాలి. ఇనుప పట్టీని గుండ్రంగా వంచి అతికిస్తారు, చక్రం చుట్టుకొలత కంటే కావాలనే కొంచెం తక్కువగా. చల్లగా ఉండగా అది చక్రానికి ఎక్కదు. నేల మీద పరిచి, చుట్టూ పిడకలు పేర్చి కాలుస్తారు. ఇనుము ఎర్రబారడం మొదలయ్యేసరికి వేడి సుమారు 500 డిగ్రీలు దాటుతుంది. ఇనుము ప్రతి డిగ్రీకి, ప్రతి మీటరుకు, మిల్లీమీటరులో దాదాపు 80వ వంతు సాగుతుంది. ఐదడుగుల చక్రం చుట్టుకొలత 4.8 మీటర్లు. లెక్క కడితే పట్టా దాదాపు మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది. ఇద్దరు ముగ్గురు పట్టకార్లతో లేపి చక్రం మీద వేస్తారు, సుత్తితో సరిచేస్తారు. కర్ర భగ్గున అంటుకోబోతుంది. వెంటనే బిందెలతో నీళ్లు. పొగ, ఆవిరి, దాంతోపాటు కర్ర కిర్రుమని మూలిగే చప్పుడు. పట్టా ముడుచుకుంటూ పూటీలను ఆకుల మీదికి, ఆకులను కుంభంలోకి నొక్కుతుంది. ఒక్క మేకు కూడా లేకుండా ఇన్ని ముక్కలు ఒకటవుతాయి. ఇంజనీరింగ్ కళాశాలలో పాఠంగా చెప్పే బిగింపు ఇదే. మన కమ్మరి దాన్ని చదవలేదు, చేసి చూపించాడు.

ఆ బిగింపు వేసవిలో ఎందుకు వదులవుతుంది? ఎండకు ఇనుము సాగుతుంది కాబట్టి అని చాలామంది అంటారు. లెక్క ఒప్పుకోదు. ఎండలో పట్టా 30 డిగ్రీలు అదనంగా వేడెక్కినా సాగేది రెండు మిల్లీమీటర్లలోపే. దోషం కర్రది. కర్రలోని కణాల గోడలు గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూ ఉంటాయి. నిలువు నార వెంట కర్ర దాదాపు మారదు. అడ్డంగా మాత్రం బాగా కుంచించుకుపోతుంది. చెట్టు వలయాల వెంట తగ్గేది, నడిబొడ్డు వైపు తగ్గేదానికి దాదాపు రెట్టింపు. పూటీలో నార చక్రం చుట్టూ పోతుంది కాబట్టి చుట్టుకొలత వైపు కర్ర తగ్గదు, పూటీ మందం తగ్గుతుంది. ఆ మందం రెండు మిల్లీమీటర్లు తగ్గిందంటే చక్రం చుట్టుకొలత 12 మిల్లీమీటర్లకు పైగా పడిపోతుంది. అంతవరకు గట్టిగా పట్టుకున్న పట్టా అప్పుడు గలగలలాడుతుంది. కుంభం కూడా ఎండి, ఆకుల మొదళ్లు గాళ్లలో కదలడం మొదలుపెడతాయి.

దీనికి పల్లె చేసిన వైద్యం అందరికీ తెలిసిందే. చక్రాలు విప్పి వాగులోనో చెరువులోనో రాత్రంతా పడేసేవారు. కర్ర ఉబ్బి పట్టా బిగిసేది, పొద్దున్నే ప్రయాణం. కానీ ఈ వైద్యాన్ని నమ్ముకుని ఏళ్లు గడపకూడదు. నానిన కర్ర ఉబ్బబోతుంటే ఇనుము అడ్డం పడుతుంది, పోవడానికి చోటు లేక కణాలే నలిగిపోతాయి. మళ్లీ ఎండినప్పుడు కర్ర పాత కొలతకు రాదు, అంతకంటే చిన్నదవుతుంది. నానబెట్టిన ప్రతిసారీ చక్రం కొద్దికొద్దిగా తరుగుతుంది. గొడ్డలి కామ నీళ్లలో పెట్టి బిగించుకున్నవాళ్లకు ఇది అనుభవమే. వదులైన పట్టాను కమ్మరి చేత కోయించి, కురచ చేయించి మళ్లీ వేయించుకోవడమే అసలు మందు. దానికి సరైన అదను ఎండాకాలం చివర. కర్ర అప్పటికి బాగా ఎండి ఉంటుంది, ఆ తర్వాత వానాకాలం బిగింపును పెంచుతుందే తప్ప తగ్గించదు. బండిని లోపల పెట్టేముందే పట్టా వేయించే పద్ధతిలో ఎంత తెలివి ఉందో ఇక్కడ కనిపిస్తుంది.

ఇక నిలబెట్టడం. కర్ర తడిసినందువల్ల కుళ్లదు, తడిసి ఆరనందువల్ల కుళ్లుతుంది. తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజు తంతువులు లోపలికి పాకి కర్రను తినేస్తాయి. కొట్టంలో గాలి ఆడుతుంటే వాటికి ఆ తేమ చిక్కదు. అందుకే బండిని నాలుగు వైపులా మూసిన గదిలో కంటే, చుట్టూ తెరిచి ఉన్న పాకలో పెట్టడం మేలు. చక్రాల కింద రాళ్లు పెట్టాలి. నేలను తాకిన చోట తేమ ఒక్కటే కాదు, చెదలు కూడా ఎక్కుతాయి. చెదపురుగు వెలుతురుకు, పొడి గాలికి భయపడుతుంది, మట్టి గొట్టం కట్టుకుంటేనే పైకి వస్తుంది. రాతి మీద ఆ మట్టి దారి స్పష్టంగా కనబడుతుంది కాబట్టి చూసినవాడు చెరిపేయొచ్చు. కర్ర కొనల మీద మరీ శ్రద్ధ కావాలి. నార తెరుచుకుని ఉండే కొన దీపపు వత్తి నూనె పీల్చినట్టు నీటిని లోపలికి లాగుతుంది. ఆకుల చివరలు, నొగల కొనలు, కాడి రెండు అంచులు, ఇవన్నీ అలాంటివే. వాటికి ఆముదమో వేపనూనో పట్టించడం ఆ తెరిచిన నోళ్లను మూయడమే. నొగలను గుంజ మీదికి ఎత్తి పెడితే తొట్టిలో నీళ్లు నిలవవు, బరువంతా ఒకే వైపు పడదు.

ఇరుసుకు కందెన పెట్టేది నడిచేటప్పుడే అనుకుంటే పొరపాటు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసిన ఆ నల్లటి ముద్ద నిలిచిన బండికి కూడా కావాలి. ఆముదం చాలా చిక్కని నూనె, ఇనుమును అంటిపెట్టుకుని నీటిని దగ్గరికి రానివ్వదు. గోదావరి ఒడ్డు ఊళ్లలో ఇంకో బాధ. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో అది 75 అడుగులు దాటింది, 2022 జులైలో 71 అడుగులు దాటింది. అంత వరదలో మునిగి తేలిన బండి చూడ్డానికి బాగానే ఉండొచ్చు, కుంభం లోపల మాత్రం ఒండ్రు చేరి ఉంటుంది. కడగకుండా నడిపితే ఆ సన్న ఇసుక ఇరుసును ఆకురాయిలా అరగదీస్తుంది.

గూడుకు వాడిన వెదురుకు శత్రువు వేరే. వెదురులో పిండిపదార్థం ఉంటుంది, దాని కోసం చిన్న పురుగు తొలిచి లోపల పొడి చేసేస్తుంది. కోసిన బొంగులను కొన్ని వారాలు వాగునీటిలో ముంచి ఉంచితే ఆ పిండి చాలావరకు కరిగిపోతుంది. వంట పొయ్యి పైన అటక మీద దాచిన తడికలకు పొగ పట్టి పురుగు దూరంగా ఉంటుంది. గూడును బండి మీదే వదిలేయకుండా విప్పి ఇంట్లోకి చేర్చడం ఇందుకే.

తర్వాత రబ్బరు వచ్చింది. బెల్ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో గాలి టైరుకు పేటెంట్ తీసుకున్నాడు. ఆ పేరుతోనే 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో టైర్ల కర్మాగారం వెలిసింది. ఎడ్లబండికి రబ్బరు చక్రాలు తగిలించాక డన్‌లప్ బండి, టైరు బండి అన్న మాటలు మన పల్లెల్లో స్థిరపడ్డాయి. ఎడ్లకు లాగుడు తేలికైంది, ఇనుప పట్టాలు కోసేసే తారురోడ్లు బతికిపోయాయి. బెంగళూరు ఐఐఎంకు డైరెక్టర్‌గా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామి 1970లలో ఎడ్లబండిని ఒక జాతీయ రవాణా వ్యవస్థగా చూసి అధ్యయనం చేశాడు. ఎద్దు మెడను కోసే మొరటు కాడిని మార్చాలని, చక్రాన్నీ ఇరుసునూ మెరుగుపరచాలని ఏళ్ల తరబడి వాదించాడు. నా ఉద్దేశంలో ఆయన మాటకు దక్కాల్సినంత విలువ దక్కలేదు. బండి బాగుపడేలోపే ట్రాక్టరు వచ్చేసింది.

ఇప్పుడు మేడారం దారిలో ఎడ్లబండ్ల కంటే ట్రాక్టరు ట్రాలీలే ఎక్కువ. ఇనుప గొట్టాలు వంచి, పైన టార్పాలిన్ పట్టా కప్పి, కింద గడ్డి పరిచి కుటుంబమంతా ఎక్కుతుంది. గూడుబండి పోలేదు, ఇనుముతో మళ్లీ పుట్టింది. కానీ దాన్ని నిలబెట్టే పద్ధతి మాత్రం దానితో పుట్టలేదు. ఖమ్మం మార్కెట్‌కు మిర్చి తోలడం ముగిశాక చాలా ట్రాలీలు చెట్టు కిందే నాలుగు నెలలు తడుస్తాయి.

కర్రకు తేమ ఎలాగో, ఇనుముకు ఉప్పూ ఎరువూ అలా. యూరియా, డీఏపీ బస్తాలు మోసిన ట్రాలీలో మూలల్లో రాలిన ఎరువు గాలిలోని తేమను లాక్కుని రేకును అక్కడే కొరుకుతుంది. తొలకరికి ముందు ఒకసారి నీళ్లతో బాగా కడిగి, ఎండలో ఆరబెట్టి, నీళ్లు పోయే కంతలు మూసుకుపోకుండా చూడాలి. రబ్బరుకు తుప్పు లేదు, అయితే గాలిలో కొద్దిగా ఉండే ఓజోన్ దాని అణువుల్లోని బలహీనమైన బంధాలను తెంపుతుంది. సాగి ఉన్న చోటే పగుళ్లు వస్తాయి. గాలి తగ్గి, బరువు కింద ఒకే చోట నలిగి నిలబడ్డ టైరు పక్కగోడలు పగిలేది అందుకే. ఇరుసు కింద దుంగలు పెట్టి చక్రాలను నేల నుంచి కాస్త లేపితే ఆ బాధ తప్పుతుంది. ఎత్తి దించే ట్రాలీ అయితే తొట్టి దించే ఉంచాలి. లేపి వదిలేస్తే నూనె గొట్టంలోంచి బయటికొచ్చిన నున్నటి కడ్డీకి తుప్పు పడుతుంది, తర్వాత అది లోపలి సీలును చీరేస్తుంది. పైన కప్పే పట్టాను ఒంటికి చుట్టినట్టు బిగించి కట్టకూడదు. లోపల ఆవిరి చేరి రాత్రి చల్లబడగానే రేకు మీద నీటిబొట్లుగా దిగుతుంది. నడుమ ఒక గొట్టం పెట్టి పట్టాను ఇంటి కప్పులా వాలుగా వేసి, రెండు చివరలా గాలికి దారి వదిలితే సరిపోతుంది.