ఆపరేటింగ్ సిస్టము మార్పు – ఫైళ్ళ రక్షణ

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయములో మంటలు చెలరేగి అనేక దస్త్రములు కాలిపోయినవి. మరియొకచోట నకలు లేని పత్రము అట్లు పోయినచో తిరిగి రాదు. పొరుగున పుంగనూరులో ఏ బడి కంప్యూటరులోనైనను ఫైళ్ళు పోవుటకు మంటలు అక్కరలేదు. యంత్రమును నడపు మూల ప్రోగ్రామైన ఆపరేటింగ్ సిస్టమును మార్చునపుడు జరుగు చిన్న పొరపాటే చాలును.

విండోస్ 10 కు మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. కనుక ఈ మార్పు చాలచోట్ల అవసరమగుచున్నది. పాతదానిపైననే కొత్త సిస్టమును ఎక్కించినచో ఫైళ్ళు సాధారణముగా నిలుచును. కాని నడుమ కరెంటు పోయినచో ఆ హామీ లేదు. డిస్కును ఫార్మాటు చేసి ఎక్కించినచో ఏ ఫైలు ఎచట ఉన్నదో తెలుపు పట్టిక చెరిగిపోవును. ఆ చోట కొత్త సమాచారము చేరిన పిదప పాతది దొరకదు.

కావున ముందుగా మార్కుల పట్టికలను, పాఠములను, ఫోటోలను వేరొక హార్డ్‌డిస్కులోనికి నకలు చేయవలెను. అదే డిస్కులోని ‘డి’ భాగము వేరుచోటు కాదు. డిస్కు చెడినచో రెండును పోవును. నకలును మరియొక కంప్యూటరులో తెరచి సరిచూచి, ఆ హార్డ్‌డిస్కును యంత్రమునుండి విడదీసిన పిమ్మటనే మార్పునకు పూనుకొనవలెను. తెరచి చూడని నకలును నమ్మరాదు.