కారు ఏసీ దోబూచులాట



ఒక ఏప్రిల్ మధ్యాహ్నం మా మామగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తున్నాను. తార్నాక కూడలి దగ్గర బండి ఆగింది. అంతవరకూ చల్లగా వస్తున్న ఏసీ ఉన్నట్టుండి ఉత్త గాలి కొట్టడం మొదలుపెట్టింది. రెండు క్షణాలు చల్లన, మళ్ళీ వేడి, మళ్ళీ చల్లన. వెనకసీట్లో ఎనభై ఏళ్ళ మనిషి చెమటలు కక్కుతూ, ‘‘అమ్మాయీ, దీనికంటే అద్దాలు దించెయ్యడమే నయం’’ అన్నారు. ఉస్మానియా యూనివర్సిటీ లోపలి రోడ్డుకు తిప్పి చెట్లనీడన ఆపితేగానీ ఆయన తేరుకోలేదు.

అంతకుముందు రెండు వేసవుల్లోనూ మాకు ఇదే తంతు. షెడ్డుకు వెళ్ళడం, ‘‘గ్యాసు అయిపోయిందమ్మా’’ అనిపించుకోవడం, పోయించుకుని డబ్బిచ్చి రావడం. ఈసారి వేరే షెడ్డుకు వెళితే అక్కడి పెద్దమెకానిక్కు ఒకే మాట అడిగాడు: ‘‘నిరుడు పోసిన గ్యాసు ఎటు పోయిందమ్మా?’’

నేను అడగవలసిన ప్రశ్న అది. నాకు తోచలేదు. మీకు తోచాలనే ఈ నాలుగు మాటలూ.

కారు ఏసీలో గ్యాసు పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. ఇంజక్షనుకు ముందు నర్సమ్మ చేతికి స్పిరిటు రాస్తే చల్లగా ఉంటుంది కదా! అది ఆవిరవుతూ మన ఒంటి వేడిని పట్టుకుపోతుంది. ఇక్కడా అంతే. కంప్రెసరు గ్యాసును గట్టిగా అదిమి ముందుకు తోస్తుంది. బండి ముందుభాగంలో జల్లెడలాంటి కండెన్సరు ఉంటుంది. అక్కడ వేడిని బయటికి వదిలి గ్యాసు ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం సన్నటి దారిగుండా డ్యాష్‌బోర్డు వెనక ఉన్న కూలింగ్ కాయిలులోకి వెళ్ళి, ఆవిరై, కారులోపలి వేడిని పీల్చుకుంటుంది. మళ్ళీ కంప్రెసరు దగ్గరికే వస్తుంది. తిరిగిందే తిరగడం తప్ప తరిగేది లేదు. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ళ తరబడి రవ్వంత పోతే పోవచ్చుగాని, ఏటేటా ఖాళీ అవుతోందంటే ఎక్కడో చిల్లి ఉన్నట్టే.

ఇంతకీ కంప్రెసరు ఆగి ఆగి నడవడం జబ్బేనా? ప్రతిసారీ కాదు. మీ వంటింట్లో ఫ్రిజ్ చూడండి, కాసేపు గుర్రుమంటుంది, కాసేపు ఊరుకుంటుంది. కారులోనూ కాయిలు మంచుకట్టే దాకా చల్లబడకుండా కంప్రెసరు ఆగి, మళ్ళీ అందుకుంటుంది. చిన్న కార్లలో ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే, ఇంజనుకు బలం మిగలడానికి క్షణకాలం ఆగుతుంది. ఇవి సహజం. ఆగడం మరీ తరచైనా, చల్లదనం తగ్గినా అప్పుడే అనుమానించాలి.

షెడ్డుకు వెళ్ళేముందు మీరే ఒక పరీక్ష చెయ్యవచ్చు. బండి నీడన ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఏసీ పూర్తిగా పెట్టండి. బానెట్టు వైపు నుంచి ‘టక్’మని చప్పుడు వస్తుంది. కంప్రెసరు అందుకున్నదన్నమాట. వాచీ చూసి ఎన్ని సెకన్లు నడుస్తోందో, ఎన్ని సెకన్లు ఆగుతోందో కాగితంమీద రాసుకోండి. కొన్ని కొత్త బండ్లలో ఈ చప్పుడు ఉండదు, గాలి చల్లదనాన్నిబట్టే పోల్చుకోవాలి.

నాలుగైదు సెకన్లు నడిచి ఆగడం, మళ్ళీ అందుకోవడం, మళ్ళీ ఆగడం అయితే గ్యాసు తక్కువని మొదటి అనుమానం. గ్యాసు చాలకపోతే కంప్రెసరు పీల్చగానే ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు ఒక స్విచ్చి దాన్ని ఆపేస్తుంది. ఎందుకంటే కంప్రెసరుకు కావలసిన నూనె గ్యాసుతోపాటే తిరుగుతుంది. గ్యాసు లేకపోతే నూనె అందదు, నూనె అందకపోతే కంప్రెసరు పట్టేస్తుంది. అంచేత ఆ ఆగడం మనమీద కక్ష కాదు, తన ప్రాణం తాను కాపాడుకోవడం.

బండి పరుగెడుతుంటే చల్లగా ఉండి, సిగ్నలు దగ్గర ఆగగానే వేడెక్కుతోందా? కండెన్సరుకు గాలి తగలడం లేదేమో. దాని ఫ్యాను తిరుగుతోందో లేదో చూపించండి. కండెన్సరు మీద దుమ్మూ, ఎండుటాకులూ పేరుకున్నా ఇంతే. నీళ్ళతో మెల్లగా కడిగించండి. ఎక్కువ వేగంతో కొట్టిస్తే పల్చటి రేకులు వంగిపోతాయి. ఇంజను వేడి చూపే ముల్లు పైకి పోతుంటే మాత్రం ఏసీ సంగతి వదిలి, బండి పక్కకు ఆపి, ముందు ఆ వేడి సంగతి చూడాలి.

అరగంట బాగా నడిచాక గాలి విసురు తగ్గి, కాసేపు ఆపి పెడితే మళ్ళీ బాగవుతోందా? కాయిలు మంచుకట్టి ఉంటుంది. లోపలి ఏసీ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయిందేమో తీసి చూడండి. చాలా బండ్లలో అది గ్లవ్ బాక్సు వెనకాలే ఉంటుంది. ఫిల్టరు శుభ్రంగానే ఉంటే, చల్లదనాన్ని కొలిచే సెన్సరును పరీక్షించమనండి.

ఒక వేళాపాళా లేకుండా ఆగిపోతుంటే వదులైన వైరో, రిలేనో, అరిగిన క్లచ్చో కావచ్చు. అది ఎలక్ట్రీషియను పని.

ఒక్క హెచ్చరిక. బానెట్టు ఎత్తినప్పుడు కొంగు దోపుకోండి, జడ ముడివేసుకోండి. ఫ్యాను ఇంజను ఆగి ఉన్నా తనంతట తాను తిరగవచ్చు. గ్యాసు గొట్టాల బిగింపులు విప్పే ప్రయత్నం ఎన్నడూ చెయ్యకండి. ఒత్తిడితో చిమ్మే ఆ గ్యాసు తగిలితే చర్మం, కళ్ళు మంచు కొరికినట్టు దెబ్బతింటాయి.

ఇక షెడ్డులో అడగవలసినవి మూడు. కారేచోటు కనిపెట్టారా? బాగు చేశాక గొట్టాల్లోని గాలినీ తేమనూ వ్యాక్యూమ్ పంపుతో లాగేశారా? గ్యాసు తూకం వేసి పోస్తున్నారా? బానెట్టు కింది చీటీమీద ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. చిన్న కార్లలో సాధారణంగా అరకిలో లోపే. ఎక్కువ పోసినా ఒత్తిడి పెరిగి కంప్రెసరు ఆగిపోతుంది.

అన్నట్టు, గ్యాసు గాలిలో కలిస్తే మన జేబుకే కాదు నష్టం. పాతకాలపు ఆర్-12 గ్యాసు ఓజోను పొరను తినేస్తోందని 1987లో మాంట్రియల్‌లో పలు దేశాలు ఒప్పందానికొచ్చి దాన్ని మాన్పించాయి. తరవాత వచ్చిన ఆర్-134ఎ మీద మన తార్నాకలోని ఐఐసీటీలోనూ పరిశోధన జరిగింది. 1944లో మొదలైన ఆ సంస్థను పాతవాళ్ళు ఇంకా ఆర్ఆర్ఎల్ అనే అంటారు. ఆర్-134ఎ ఓజోనును ఏమీ చెయ్యదు. కాని భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు వెయ్యి రెట్లు మించినది. చిల్లి పూడ్చకుండా ఏటా పోయించుకోవడమంటే, కారు చల్లబరచుకోవడానికి ఊరిని వేడెక్కించడమే.

మా బండిలో ఆ పెద్దమెకానిక్కు కండెన్సరు దగ్గర జిడ్డుగా అంటుకున్న దుమ్ము చూపించాడు. గ్యాసుతోపాటు నూనె కారిన జాడ అది. అక్కడున్న చిన్న రబ్బరు రింగు ఎండి పగిలింది. అంత చిన్న రింగు కోసం రెండేళ్ళు గ్యాసు కొన్నాం! ఇంకొన్నాళ్ళు అలాగే నడిపి ఉంటే కంప్రెసరే పోయేదన్నాడు. రింగు మార్చాక రెండు వేసవులు గడిచాయి. మామగారు ఆసుపత్రి నుంచి వస్తూ ఇప్పుడు వెనకసీట్లో కునుకు తీస్తున్నారు.

అంచేత ఈసారి ఎవరైనా ‘‘గ్యాసు అయిపోయిందమ్మా’’ అంటే డబ్బు తీసేముందు, ‘‘ఎటు పోయింది నాయనా?’’ అని అడగండి. మీరు రాసుకున్న కాగితం చేతికివ్వండి. సగం మరమ్మతు అక్కడే అయిపోతుంది.

ఉంటాను మరి. సెలవు.