సుప్రీంకోర్టు వాకిలి

దంతాలపల్లి ప్రాంతమున పొలము గట్టు తగాదా ముదిరినచో వినబడు మాట యొకటి కలదు: "సుప్రీంకోర్టు దాకా పోతా, విడిచిపెట్ట." ఆ మాట యన్నవాడు ఢిల్లీ చూచియుండకపోవచ్చును. అచ్చటి న్యాయమూర్తులు తన గట్టును మరల కొలిపింతురని మాత్రము నమ్మును. ఆ నమ్మకమున కొంత నిజమును, కొంత పొరపాటును ఉన్నవి.

గట్టు ఎక్కడ నుండెనో సాక్షులను విని తేల్చునది క్రింది కోర్టు. దానిపై జిల్లా కోర్టు. అటుపై హైదరాబాదులోని హైకోర్టు. సుప్రీంకోర్టు సామాన్యముగా సాక్ష్యమును మరల తూచదు. చట్టమునకు సరియైన అర్థము చెప్పబడినదా యని చూచును. 1950లో ఇరువది వేల రూపాయల విలువ గల సివిలు దావాలకు అచ్చటికి పోవు త్రోవ యొకటి యుండెను. 1973లో రాజ్యాంగ సవరణ ఆ ధనపు కొలతను తీసివేసినది. నేడు ఆ దావాలో నందరికిని ప్రాముఖ్యము గల న్యాయప్రశ్న యుండవలెను. ధనికుని తగాదాకు వేరొక వాకిలి లేకుండుట మంచిదే యని మేము తలచుచున్నాము.

క్రిమినలు కేసులలో, క్రింది కోర్టు విడిచిపెట్టిన నిందితునకు హైకోర్టు మరణశిక్ష విధించినచో, అతడు హక్కుగా అప్పీలు చేసికొనవచ్చును. ఇవి గాక 136వ అధికరణము కలదు. దాని క్రింద నెవరైనను ప్రత్యేకానుమతి కోరవచ్చును. ఇచ్చుట, ఇవ్వకుండుట న్యాయమూర్తుల విచక్షణ.

ఈ వాకిలి విలువ యెంతటిదో మన చెంతనే జరిగిన కథ యొకటి తెలుపును. తెలంగాణ సాయుధ పోరాట కాలమున, జనగామ తాలూకా ఇంకను నల్లగొండ జిల్లాలో నున్నపుడు, ఆ జిల్లా హత్య కేసులలో కొందరికి ప్రత్యేక న్యాయస్థానములు 1949లో మరణశిక్ష విధించినవి. హైదరాబాదు హైకోర్టు ఆ యేడే డిసెంబరులో శిక్షలను స్థిరపరచెను. నిజాము రాజ్యమునకు హైకోర్టుపైన జుడీషియల్ కమిటీ యుండెను. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలగుటతో దాని యధికారము ముగిసెను. రెండు దినముల పిమ్మట సుప్రీంకోర్టు ఢిల్లీలో ప్రారంభోత్సవము జరుపుకొనెను.

ఖైదీలు ఆ క్రొత్త కోర్టును ప్రత్యేకానుమతి కోరిరి. వారి పక్షమున వాదించుటకు ఇంగ్లండు నుండి డి. ఎన్. ప్రిట్ అను ప్రసిద్ధ న్యాయవాది వచ్చెను. జనార్దనరెడ్డి కేసుగా న్యాయగ్రంథముల కెక్కిన ఈ వ్యవహారమున సుప్రీంకోర్టు చెప్పినదేమన: 136వ అధికరణము భారత భూభాగములోని కోర్టుల తీర్పులకే చెల్లును, ఈ తీర్పు వెలువడిన నాటికి హైదరాబాదు హైకోర్టు రాజ్యాంగము చెప్పు భారత భూభాగములో లేదు, కావున మాకు అధికారము లేదు. కొద్ది వారముల తేడా! పాత వాకిలి మూయబడెను, క్రొత్త వాకిలి వారికి తెరువబడలేదు. ప్రాణము పణముగా నున్నచోట తేదీ యొక్కటే అడ్డు వచ్చుట మాకు నేటికిని కష్టముగనే తోచును.

వారు మరల, విచారణలో తమకు న్యాయవాది సాయము సరిగా దొరకలేదని, తమ నిర్బంధమే చెల్లదని 1951లో వాదించిరి. అధికారము గల కోర్టు తీర్పును ఆ మార్గమున త్రోసివేయ వీలులేదని ఆ యర్జీలును కొట్టివేయబడినవి.

వారు ఉరికంబ మెక్కలేదు. తరువాత మరణశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మార్చబడినవి. ఆ మార్పు చేసినది కోర్టు కాదు, ప్రభుత్వపు క్షమాధికారము.