ఒక్క యూరోకి బ్యాంకు అమ్మేశారు! హెచ్‌ఎస్‌బీసీ ఫ్రాన్స్ కథ ఏంటంటే

200కి పైగా బ్రాంచీలు, దాదాపు 8 లక్షల మంది కస్టమర్లు. ఇంత వ్యాపారాన్ని ఒక్క యూరోకి రాసిచ్చేశారంటే నమ్ముతారా? ఫ్రాన్స్‌లో నిజంగానే జరిగింది.

హెచ్‌ఎస్‌బీసీ 1865లో హాంకాంగ్‌లో పుట్టింది, ఇప్పుడు హెడ్డాఫీసు లండన్‌లో. 2000లో ఫ్రాన్స్‌లోని సీసీఎఫ్ అనే బ్యాంకుని సుమారు 1,100 కోట్ల యూరోలు పోసి కొన్నది. తర్వాత పాత బోర్డు పీకేసి తన బోర్డు పెట్టుకుంది. కానీ అక్కడ బీఎన్‌పీ పారిబా, క్రెడీ అగ్రికోల్ లాంటి లోకల్ బ్యాంకులు ఎప్పట్నుంచో పాతుకుపోయి ఉన్నాయి. పైగా వడ్డీ రేట్లు ఏళ్ల తరబడి సున్నా దగ్గరే. డిపాజిట్‌కి ఇచ్చే వడ్డీకి, లోన్ మీద వసూలు చేసే వడ్డీకి మధ్య తేడాయే కదా బ్యాంకు బతుకు. ఆ తేడా కరిగిపోతే బ్రాంచీల అద్దెలు, జీతాలు ఎక్కడ్నుంచి వస్తాయి?

అందుకే 2021లో మై మనీ గ్రూప్‌తో ఒక్క యూరో డీల్. నష్టం హెచ్‌ఎస్‌బీసీ నెత్తినే.

అసలు ట్విస్టు తర్వాత వచ్చింది. 2022లో వడ్డీ రేట్లు పెరిగాయి. బ్యాంకుకి మంచిదే కదా అనుకుంటాం. కాదు! ఫ్రాన్స్‌లో హోమ్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ వడ్డీవి. ఎవరో 1 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకి అప్పిచ్చి రాయించుకున్న ప్రామిసరీ నోటు మీకు అమ్ముతానన్నాడనుకోండి. బయట 3 శాతం దొరుకుతుంటే ఆ నోటుకి పూర్తి రేటు ఇస్తారా? ఇక్కడా అదే చిక్కు. కొనేవాడికి ఇంకా ఎక్కువ మూలధనం కావాల్సి వచ్చింది. 2023లో డీల్ దాదాపు పోయినంత పనైంది. చివరికి సుమారు 700 కోట్ల యూరోల లోన్లు హెచ్‌ఎస్‌బీసీ తన దగ్గరే ఉంచుకుంటానంటే బేరం తెగింది. 2024 జనవరి 1న చేతులు మారింది, సీసీఎఫ్ బోర్డు మళ్లీ పైకెక్కింది.

మరి యూరప్ వదిలేసిందా? లేదు. బ్రెగ్జిట్ తర్వాత లండన్ లైసెన్సు మీద యూరోపియన్ యూనియన్‌లో వ్యాపారం చేయడం కుదరదు. అక్కడ విడిగా ఒక బ్యాంకు ఉండాల్సిందే. అందుకే పారిస్ హెడ్డాఫీసుగా హెచ్‌ఎస్‌బీసీ కాంటినెంటల్ యూరప్ ఉంది. మిగతా యూరప్ దేశాల్లోని బ్రాంచీలు చాలావరకు దాని కిందకే వస్తాయి. అది చేసేది పెద్ద కంపెనీల పని: ఎగుమతి దిగుమతులకు గ్యారంటీలు, దేశాల మధ్య చెల్లింపులు, కరెన్సీ మార్పిడి. వీధి చివర కౌంటర్‌లో పాస్‌బుక్ పట్టుకుని నిలబడే కస్టమర్‌ని మాత్రం సీసీఎఫ్‌కి అప్పగించేసింది.