ప్రయాణ ఖర్చుల పద్దు: ఎవరు వెళ్తున్నారు, ఎవరు ఆగిపోతున్నారు

కాలేజీ బడ్జెట్లో ఒక చిన్న పద్దు వుంటుంది. అధ్యాపకులు సెమినార్లకీ, సదస్సులకీ వెళ్ళిరావడానికి ఇచ్చే డబ్బు అది. నియామకాల మీద, ప్రమోషన్ల మీద గొడవలు జరుగుతాయి గానీ దీన్ని ఎవరూ పట్టించుకోరు. 'ఉన్నదే కొంచెం, దానికి కూడా కులం లెక్కలా' అంటారు. కొంచెమే కాబట్టే లెక్క చూడాలని మేం అంటున్నాం. అందరికీ సరిపోయేంత వున్నప్పుడు పంపకం నియమంతో పనిలేదు. సరిపోనప్పుడే ఆ నియమం ఎవరి పక్షాన నిలబడిందో బయటపడుతుంది.

సెమినార్లో పేపరు చదవడం ఊరికే పేరు కోసం కాదు. యు.జి.సి. 2018 నిబంధనల్లో పరిశోధనకి మార్కుల పట్టిక ఇచ్చింది. విదేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సులో పేపరుకి 7 మార్కులు, మన దేశంలోనే జరిగే అంతర్జాతీయ సదస్సుకి 5, జాతీయ సదస్సుకి 3, రాష్ట్ర లేదా యూనివర్సిటీ స్థాయికి 2. అసోసియేట్ ప్రొఫెసర్‌గా నేరుగా ఎంపిక కావాలంటే పరిశోధన మార్కులు మొత్తం 75 వుండాలంది. ఎంత దూరం పోతే అన్ని మార్కులన్నమాట. దూరం పోవడానికి డబ్బు కావాలి. కాబట్టి ప్రయాణ పద్దు పంచడమంటే మార్కులు పంచడమే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కాలేజీలో 24 మంది అధ్యాపకులు, ఏడాదికి 60,000 రూపాయలు వున్నాయనుకుందాం. మామూలుగా నాలుగు పద్ధతుల్లో పంచుతారు.

మొదటిది, అందరికీ సమానం. తలకి 2,500 వస్తుంది. హైదరాబాదు నుంచి ఢిల్లీకి రానూపోనూ రైలు, రిజిస్ట్రేషన్ ఫీజు, గది అద్దె కలిస్తే అది ఏ మూలకీ చాలదు. మిగతాది జేబులోంచి పెట్టుకోగలిగినవాళ్ళే వెళ్తారు. వెళ్ళలేనివాళ్ళ వాటా మార్చి 31కి మురిగిపోతుంది.

రెండోది, ముందు అడిగినవాళ్ళకి ముందు. సదస్సు సంగతి ముందు ఎవరికి తెలుస్తుంది? పాత గైడు ఫోన్ చేసి చెప్పేవాళ్ళకి, ఇంట్లోనే ఇంకో ప్రొఫెసరు వున్నవాళ్ళకి. మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గేటు దాటిన మొదటి మనుషులం మేమే. మాకు ఆ ఫోన్లు రావు.

మూడోది, సీనియారిటీ. చూడ్డానికి ఇందులో కులం కనపడదు. కానీ సీనియారిటీ జాబితా అంటే పాత నియామకాల చరిత్ర. రిజర్వుడు పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా వుంచి ఆలస్యంగా నింపితే, వాటిలో చేరినవాళ్ళు జాబితాలో కిందే వుంటారు. 2018లో యు.జి.సి. రోస్టరుకి డిపార్ట్‌మెంటుని యూనిట్‌గా తీసుకోమంది. చిన్న డిపార్ట్‌మెంట్లలో రిజర్వుడు పోస్టు వంతు రాకుండాపోయే పరిస్థితి వచ్చింది. దాన్ని కేంద్ర విద్యాసంస్థల్లో సరిచెయ్యడానికి ఉద్యమం జరిగి 2019లో చట్టం రావాల్సి వచ్చింది. చేరడంలో పోయిన ఏళ్ళు ప్రయాణంలో కూడా పోవాలా?

నాలుగోది, మెరిట్. విదేశీ సదస్సుకే మొదటి ప్రాధాన్యం అంటారు. ఒక్క విమానం టిక్కెట్టుతో 60,000 అయిపోతుంది. ఇరవై ముగ్గురికి సున్నా. పైగా ఏది 'మంచి పేపరు' అన్నది ఎవరు తేలుస్తారు? కులం మీద రాస్తే 'ఇది ఉద్యమం, పరిశోధన కాదు' అన్న మాట మేం చాలాసార్లు విన్నాం.

ఇవన్నీ ఒక ఎత్తు, డబ్బు ఎప్పుడు ఇస్తారన్నది ఇంకో ఎత్తు. ముందు నువ్వే పెట్టుకో, వచ్చాక బిల్లులు పెట్టు అంటారు. ఆ బిల్లు నెలల తరబడి టేబుళ్ళ మీద తిరుగుతుంది. మొదటి తరం ఉద్యోగి జీతం మీద తమ్ముడి ఫీజు, చెల్లెలి పెళ్ళి, ఊళ్ళో బాకీ అన్నీ ఆధారపడి వుంటాయి. అందులోంచి పది పదిహేను వేలు పక్కన పెట్టాలంటే వడ్డీకి తెచ్చుకోవాల్సిందే. కాలేజీ సాయం చేసినట్టు కనపడుతుంది గానీ, నిజానికి అధ్యాపకుడే కాలేజీకి వడ్డీలేని అప్పు ఇస్తున్నాడు.

1916 మే 9న అంబేద్కర్ కొలంబియా యూనివర్సిటీ సెమినార్లో కులం మీద పేపరు చదివారు. ఆయన అక్కడిదాకా వెళ్ళగలిగింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో. దాని గడువు ముగియగానే 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగిరావాల్సి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది 1920లో. అంతటి మేధావికే డబ్బు ఆగినచోట చదువు ఆగింది.

మరి ఏం చెయ్యాలి? అదే 60,000 తీసుకుందాం. మనిషికి గరిష్ఠంగా 7,500 అని పెడితే ఏడాదికి ఎనిమిదిమంది వెళ్తారు. మూడేళ్ళలో 24 మందీ ఒక్కోసారి వెళ్ళొస్తారు. ఇంతవరకు ఒక్కసారీ వెళ్ళనివాళ్ళని ముందు పంపాలి. కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకుల్ని ఆ లెక్కలో కలపాలి. పేపరు తీసుకున్నట్టు ఉత్తరం చూపించగానే ఎక్కువ భాగం అడ్వాన్సుగా ఇవ్వాలి. విదేశాలకి వెళ్ళేవాళ్ళు ఐ.సి.ఎస్.ఎస్.ఆర్. లాంటి సంస్థల్ని అడగొచ్చు. కాలేజీ మాత్రం అందరికీ ఇచ్చే 7,500 మించి ఇవ్వకూడదు. సదస్సుల ప్రకటనలు, మంజూరైన పేర్లు, తిరస్కరించిన కారణాలు నోటీసు బోర్డు మీద పెట్టాలి. డిసెంబరుకల్లా ఎవరైనా వెళ్ళలేమంటే ఆ వాటా తర్వాతి పేరుకి పోవాలి.

ఇది దొడ్డిదారి రిజర్వేషన్ అంటారేమో. ఈ నియమంలో కులం పేరే లేదు. ఇంతకుముందు వెళ్ళారా లేదా అన్నదే అడుగుతుంది. పేద అగ్రకుల అధ్యాపకుడికీ, పిల్లల్ని వదిలి దూరం పోలేక ఆగిపోయిన మహిళలకీ ఇది పనికొస్తుంది. అయితే ఏడాది చివర ఎస్.సి., ఎస్.టి., బి.సి., మైనారిటీ, మహిళా అధ్యాపకులు ఎంతమంది వెళ్ళారో లెక్క తియ్యాలి. లెక్క తియ్యకపోతే పాత అలవాటే కొత్త నియమంలోకి దూరుతుంది.

మొదటి పని ఖర్చు లేనిది. గత ఐదేళ్ళ ప్రయాణ బిల్లుల రిజిస్టరు అడగండి. ప్రభుత్వ కాలేజీ అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. అందులో నాలుగుసార్లు వచ్చిన పేర్లు ఒక కాగితం మీద, ఒక్కసారి కూడా రాని పేర్లు ఇంకో కాగితం మీద రాసుకోండి. వచ్చే స్టాఫ్ మీటింగులో ఆ రెండో కాగితం ముందు చదవండి.