పొలము కొలతలో లంబరేఖ

గ్రామములందు పుట్టు తగవులలో గట్లు, దారులు, బోదెలకు సంబంధించినవి తక్కువ కావు. వీనిని తీర్చుటకు పెద్దల మాట ఎంత అవసరమో, సరియైన కొలతయు అంత అవసరము. కొలతకు ఆధారము లంబరేఖ. ఒక గీతను లంబకోణముతో కలియు గీతయే దానికి లంబరేఖ. దీనిని కనుగొను విధము పంచాయతీ సభ్యులకు తెలిసియుండుట మేలు.

రేపల్లె ప్రాంతము 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లాలో చేరినది. అంతకు ముందు గుంటూరు జిల్లాలోనిది. మద్రాసు రాష్ట్రపు కాలము నుండి ఈ సీమలో ఎఫ్.ఎం.బి. అను కొలతల పుస్తకము వాడుకలో నున్నది. పొలమున ఒక మూల నుండి మరియొక మూలకు తిన్నని గీతను కల్పించి, మిగిలిన మూలలు ఆ గీతకు లంబముగా ఎంత దూరమున నున్నవో అందు వ్రాయుదురు. నాటి గొలుసు పొడవు 66 అడుగులు. అందు 100 లింకులు. లంబము నిలుపుటకు క్రాస్ స్టాఫ్ అను పనిముట్టును వాడిరి.

లంబము తప్పిన నష్టమెంత? 50 మీటర్ల కొలతలో కోణము 5 డిగ్రీలు మాత్రమే తప్పినను, చివర రాయి సుమారు 4 మీటర్ల 36 సెంటీమీటర్లు ప్రక్కకు జరుగును. ఒకని గట్టు మరియొకని చేలోనికి పోవుటకు ఇది చాలును.

లంబమును పరీక్షించుటకు సులభమైన ఉపాయము కలదు. గీతపై 3 మీటర్లు, దానికి అడ్డముగా 4 మీటర్లు కొలిచి, ఆ రెండు కొనల నడుమ త్రాటిని లాగవలెను. అది సరిగా 5 మీటర్లుండిన కోణము సరియైనది. ఈ కొలతలు మన శుల్బసూత్రములందును కలవు.

2020 డిసెంబరు 21న రాష్ట్రమున ఆరంభమైన భూముల పునఃసర్వేలో ఉపగ్రహ సంకేతముల సాయముతో పొలపు మూలల స్థానములను అంకెలలో నిర్ణయించు పద్ధతి వచ్చినది. మూలలు అంకెలలో దొరకినపుడు లంబరేఖను కాగితముపైననే లెక్క కట్టవచ్చును.

ఒక ఉదాహరణమును చూతము. రేపల్లె పరిసరములలో ఒక పంటకాలువ సర్వే రాయి వద్ద మొదలై, 4 మీటర్లు తూర్పునకు పోవునప్పటికి 3 మీటర్లు ఉత్తరమునకు జరుగుచున్నదనుకొందము. రాయి నుండి తూర్పు దూరమును ‘తూ’ అనియు, ఉత్తర దూరమును ‘ఉ’ అనియు వ్రాసిన, కాలువ సమీకరణము 4ఉ = 3తూ. దీని వాలు నాలుగింట మూడు వంతులు. ఈ వాలు దిక్కును తెలుపునదే గాని నేల పల్లమును తెలుపునది కాదు.

రాయికి 110 మీటర్లు తూర్పున, 20 మీటర్లు ఉత్తరమున ఒక రైతు పొలపు మూల కలదు. అచ్చటి నుండి కాలువకు లంబముగా బోదె తీయవలెను. లంబరేఖకై కాలువ నడకలోని రెండంకెలను తారుమారు చేసి, ఒక దిక్కును త్రిప్పవలెను. అనగా తూర్పునకు 3, దక్షిణమునకు 4. అట్లు నడచిన ప్రతి పర్యాయము 4తూ పన్నెండు పెరుగును, 3ఉ పన్నెండు తరుగును; రెంటి మొత్తము మారదు. పొలపు మూల వద్ద ఆ మొత్తము 440 + 60 = 500. కావున లంబరేఖ సమీకరణము 4తూ + 3ఉ = 500. దీని వాలు ఋణ మూడింట నాలుగు వంతులు. రెండు వాలులను గుణించిన ఋణ 1 వచ్చుటయే లంబమునకు గుర్తు.

కాలువపై ‘ఉ’ ఎల్లపుడును ‘తూ’లో ముప్పాతిక వంతు. దానిని లంబరేఖ సమీకరణమున ఉంచిన తూ = 80, ఉ = 60 వచ్చును. బోదె కాలువను కలియు చోటు అదియే. పొడవు సరిగా 50 మీటర్లు. అదే బోదెను మూల నుండి నేరుగా ఉత్తరమునకు తీసిన 62.5 మీటర్లగును. బోదె వెడల్పు 2 మీటర్లయిన 25 చదరపు మీటర్లు, అనగా అర సెంటుకు మించిన మాగాణి, వృథాగా పోవును.

కాలువ సరిగా తూర్పు పడమరలుగా నున్న ఈ గుణకారము పనికిరాదు. లంబరేఖ ఉత్తర దక్షిణములుగా నుండును, దానిపై ‘తూ’ మారదు.

లంబమైన దారి దూరమున దగ్గరిదే గాని, నీరు పల్లమునకే పారును. కృష్ణా పశ్చిమ డెల్టాలోని సమతల భూములందు నేల మట్టమును చూడక బోదెను త్రవ్వరాదు. ఇరుగుపొరుగు రైతుల సమ్మతియు కావలెను.

గట్టు తగవు వచ్చినపుడు సభ్యులు గ్రామ సర్వేయరును పిలిపించి, కొలతల పుస్తకమును ఎదుట నుంచుకొని, ఉభయుల సమక్షమున లంబమును సరిచూడవలెను. కొలత నందరును కన్నులార చూచినపుడు తీర్పునందు నమ్మకము కలుగును.