సూర్యరశ్మితో చల్లదనము

శ్రీముఖలింగ క్షేత్రమునకు పోవువారు వంశధారలో స్నానమాడి, మధుకేశ్వరుని దర్శించి, ప్రాచీన కళింగనగర వైభవమును తలచికొని వత్తురు. అచ్చటి కృషీవలుని చింత వేఱు: మండువేసవిలో పితికిన పాలు, కోసిన కూరగాయలు సంతకు చేరులోపల చెడకుండుట యెట్లు?

2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను ఈ జిల్లాలోనే, పలాస సమీపమున, తీరము దాటెను. విద్యుత్ స్తంభములు కూలెను. పెక్కు గ్రామములు దినములకొలది చీకటిలో మ్రగ్గెను. తీగెలో విద్యుత్తు లేనినాడు శీతలయంత్రము వట్టి పెట్టెయే గదా! పాలు చెడినచో ధననష్టము. 2 మొదలు 8 డిగ్రీల నడుమ నుంచవలసిన టీకామందులు చెడినచో శిశువులకే హాని.

దీనికి తరణోపాయము సూర్యునియందే కలదు. టీకామందులకై నిర్మించిన కొన్ని సౌరయంత్రములకు బ్యాటరీ యక్కఱలేదు. పగటి యెండ లోపలి నీటిని మంచుగడ్డగా చేయును. రాత్రియందును, మబ్బు దినములందును ఆ మంచే మందులను కాపాడును.

అయినను, ఎండతో నడచుచున్నంతమాత్రమున యంత్రము నిర్దోషమని తలపరాదు. లోపల తిరుగు వాయువేదియో విచారింపవలెను. 1987 నాటి మాంట్రియల్ ఒడంబడిక ఓజోను పొరను చెఱచు వాయువులను మాన్పింపగా, వాని స్థానమున వచ్చిన హెచ్.ఎఫ్.సి.లు ఆ పొరను చెఱుపవు గాని భూమిని వేడెక్కించును. వానిలో ఆర్-134ఎ నూఱేండ్ల లెక్కను బొగ్గుపులుసు వాయువుకంటె వేయిరెట్లకు మించి తాపకరము. ఐసోబ్యూటేను దోషము అత్యల్పము. 2016 నాటి కిగాలి సవరణను మన దేశము 2021లో అంగీకరించినది. తదనుసారము 2047 నాటికి హెచ్.ఎఫ్.సి.లను నిర్ణీత పరిమాణమునుండి 85 శాతము తగ్గింపవలసి యున్నది. నేడు వానితో నడచు యంత్రమును కొని, ఱేపు మార్చుకొనుట ద్విగుణవ్యయము.

ఐసోబ్యూటేను మండు స్వభావము కలదని కొందఱు శంకింతురు. శంక న్యాయమే. కావుననే బాగుచేయ నేర్చిన పనివారు కావలెను. బ్రతుకుతెరువునకై దూరదేశములకు వలసపోవు ఈ సీమ యువకులకు ఐ.టి.ఐ.లలో ఈ విద్య గఱపినచో కొందఱికైనను స్వగ్రామముననే జీవనము దొరకును. సౌరఫలకములను సయితము పెనుగాలికి ఊడిపోకుండ బిగింపవలెను.

ఆరోగ్యకేంద్రములకును, పాలకేంద్రములకును, మత్స్యకారుల పల్లెలకును యంత్రములు కొనునపుడు ప్రభుత్వమువారు వెల నొక్కదానినే చూడక, లోపలి వాయువును, బాగుచేయువారిని గూడ విచారింపవలెనని మా మనవి. తుపాను మరల రాకమానదు. అది వచ్చిన పిమ్మట చేయు విచారణము చెడిన మందులకు ప్రాణము పోయజాలదు.